నెత్తళ్ళ కూర వాసన సముద్రం మీదికి వెళ్ళిన రోజు

తెల్లారేసరికి అనీసా ఎవరో ఒకరి మేడ మీద ఉంటుంది. వంటిళ్ళలో పొయ్యిలు వెలిగే లోపలే ఎగ్జాస్ట్ ఫ్యాన్ల పని అయిపోవాలి. ఆ గురువారం గుంటూరు బ్రాడీపేటలో అష్రఫ్ భాయ్ బిర్యానీ హోటలు వంతు. మొగుడి పాత చొక్కా చుడీదారు మీద తొడుక్కుని, చున్నీ తలకి బిగించి కట్టుకుని, ముందుగా ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. కింద ఎవరైనా తెలియక స్విచ్చి వేస్తే వేళ్ళు తెగిపోతాయి. ఫ్యూజు జేబులో పడందే ఫ్యాను మీద చెయ్యి వెయ్యకూడదని వాళ్ళ నాన్న మీరా హుస్సేన్ పని నేర్పిన మొదటి రోజే చెప్పాడు.

మూత విప్పి, రెక్కల మీద పేరుకున్న జిడ్డుని రేకు ముక్కతో గోకి డబ్బాలో వేసింది. వేణ్ణీళ్ళలో సోడా కలిపి ఒక్కో రెక్కా కడిగింది. బెల్టుని బొటనవేలితో నొక్కి చూసింది. బేరింగుకి గ్రీజు పెట్టి చేత్తో ఒక్క తిప్పు తిప్పితే, ఫ్యాను చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఫిబ్రవరి నెల కావడంతో మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే గాలికి అప్పుడే కళ్ళు మండుతున్నాయి.

అష్రఫ్ భాయ్ టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"జిడ్డంతా తీసేశావా అనీసమ్మా?"

"తీసేశాను భాయ్."

"కొంచెం ఉంచమని చెప్పాను గదమ్మా!"

అనీసా నవ్వింది. ఆయన బాధ వీధిలో అందరికీ తెలుసు. అనీసా శుభ్రం చేసిన ఫ్యానులోంచి బయటికొచ్చే వాసన గాలి వీచిన వైపు పోదు. వండే మనిషి మనసులో ఎవరుంటే వాళ్ళ దగ్గరికి పోతుంది. అష్రఫ్ భాయ్ దగ్గర పనిచేసే వంటమాస్టరుకి కొత్తగా పెళ్ళయింది, పెళ్ళాం మంగళగిరిలో ఉంది. ఫ్యాను కడిగించిన ప్రతిసారీ పది పదిహేను రోజుల పాటు బిర్యానీ వాసనంతా మంగళగిరిలో మగ్గాల వీధికి వెళ్ళిపోతుంది. హోటలు ముందు నిలబడ్డవాడికి ఏ వాసనా తగలక పక్క హోటల్లోకి దూరతాడు. మళ్ళీ రెక్కలకి జిడ్డు పట్టాక వాసన బరువెక్కి, దూరం పోలేక, ఇక్కడే వీధిలోకి దిగుతుంది.

"జిడ్డు ఉంచితే ఏదో ఒకరోజు మంట అంటుకుంటుంది భాయ్. అంతకంటే మాస్టరు చేత ఇక్కడే కాపురం పెట్టించండి."

"అదే చూస్తున్నానమ్మా, ఇల్లు దొరకడం లేదు," అన్నాడు ఆయన దిగాలుగా.

టీ సగం తాగిందో లేదో ఫోను మోగింది. చేసింది వెంకటరావమ్మ.

వెంకటరావమ్మది చీరాల దగ్గరి వాడరేవు. ఎనిమిదేళ్ళుగా బ్రాడీపేటలోనే ఒక కోచింగ్ సెంటరు హాస్టలు మెస్సులో పెద్ద వంటమనిషి. పొయ్యి మీద ఉండే జాలీలు ప్రతి ఆదివారం తనే విప్పి తోముకుంటుంది. అంత శుభ్రం మనిషి కాబట్టే అనీసాకి ఆమె అంటే గౌరవం. తల్లీ తండ్రీ పోయాక పదేళ్ళ తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ తమ్ముడు బుల్లయ్యకి ఇప్పుడు నలభై ఏళ్ళు, సొంత పడవ ఉంది. అయినా ఆమె ఇంకా "మా పిల్లోడు" అనే అంటుంది.

"అనీసా, మా పిల్లోడు మూడు రోజులైంది ఒడ్డుకి రాలేదే," అంది ఫోన్లో. గొంతులో తడి లేదు. అంతకుముందే ఏడ్చేసినట్టుంది.

సోమవారం తెల్లవారుజామున బుల్లయ్య, ఇంకో ముగ్గురు పడవ మీద వెళ్ళారు. ఆ పొద్దుటే సముద్రం మీద మంచు దిగింది. దిగిన మంచు మళ్ళీ లేవలేదు. ఫోన్లు పలకడం లేదు. నిన్న ఊళ్ళో పడవలన్నీ వెతకడానికి వెళ్ళి, పక్క పడవ పక్క పడవకి కనపడక, గుద్దుకుంటామన్న భయంతో వెనక్కొచ్చాయి.

"నా ఫ్యాను నిన్న ఆగిపోయింది. దాన్ని బాగుచెయ్యి. ఎండు నెత్తళ్ళు, వంకాయ వండుతాను. వాడికి ప్రాణం అది. వాసన పట్టుకుని వస్తాడు."

ఇప్పటిదాకా తన ఫ్యాన్ల వాసన ఒంగోలు దాటి పోయినట్టు అనీసా వినలేదు. నీళ్ళ మీద పోతుందో లేదో అసలే తెలియదు.

"అష్రఫ్ భాయ్ ఫ్యాను ఇప్పుడే కడిగాను పిన్నీ. ఇక్కడికొచ్చి వండగలవా?"

"పరాయి పొయ్యి నా మనసు ఎట్టా వింటదే? ఎనిమిదేళ్ళు వండితే ఈ పొయ్యి నాకు అలవాటైంది."

అది నిజమే. పెళ్ళి వంటలకి వెళ్ళినవాళ్ళ వాసన పందిరి దాటదని అనీసాకి తెలుసు.

"వస్తున్నా పిన్నీ. కూరగాయలు కోసి ఉంచు."

*

హాస్టలు ఐదంతస్తులు. మేడ మీద తలుపుకి తాళం వేసి ఉంది. పిల్లలు పైకెక్కి ఫోన్లు మాట్లాడుకుంటున్నారని మేనేజరు శివరామకృష్ణ గారు రెండేళ్ళ కిందట వేయించారు. అప్పట్నుంచి అనీసాని కూడా పిలవలేదు. ఇప్పుడు ఆయన అల్మైరా మొత్తం వెతికినా తాళంచెవి కనపడలేదు.

మోటార్లు చుట్టే దుకాణం మూసేసి, పనిముట్ల సంచీతో అనీసా మొగుడు ఇషాక్ అప్పటికే వచ్చాడు. భార్యాభర్తలిద్దరూ ఈ పని పంచుకున్నారు. ఫ్యాను ఆమెది, మోటారు అతనిది.

"పగలగొట్టనా సార్?" అన్నాడు ఇషాక్ సుత్తి చూపిస్తూ.

మేనేజరు పక్కకి జరిగి, "కొట్టండి," అన్నారు.

పైన ఫ్యాను చూడగానే అనీసా చున్నీ ఇంకాస్త బిగించి కట్టుకుంది. రెండేళ్ళ జిడ్డు నల్లటి తారులా గడ్డకట్టి, ఏ రెక్క ఏదో తెలియకుండా ఉంది. బెల్టు తెగి కింద పడి ఉంది. ఇషాక్ మోటారు మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కాలిపోయింది అనీసా. చుట్టడం సాయంత్రానికి అయినా, వార్నిష్ ఆరాలి. రేపు మధ్యాహ్నం అవుతుంది."

"రేపటిదాకా వాళ్ళకి తాగడానికి నీళ్ళుంటాయా?"

ఇషాక్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అనీసా ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పనిలోకి దిగింది. రేకు ముక్క ఒంగిపోతే ఉలి తీసుకుంది. వెంకటరావమ్మ కింది నుంచి బిందెలతో వేణ్ణీళ్ళు పంపింది. గోకే కొద్దీ కింద ఇంకో పొర వచ్చింది. మోచేతుల దాకా నలుపు ఎక్కింది, సోడా నీళ్ళకి వేళ్ళ చివర్లు చిట్లాయి. రెక్క బయటపడిన చోట చెయ్యి ఆన్చి చూసుకునేది. గరుకు తగిలితే మళ్ళీ గోకేది.

మధ్యలో మేనేజరు పైకి వచ్చారు.

"అమ్మా, కింద ఎండు చేపలు కనపడ్డాయి. ఇది శాకాహారం మెస్సు. గేటు మీదే బోర్డు ఉంది. వాళ్ళ తమ్ముడి సంగతి విని నాకూ బాధగానే ఉంది. కానీ నాలుగు వందల మంది పిల్లలు, వచ్చే వారం పరీక్షలు. ఎండు చేపల వాసనకి ఒక్కడు వాంతి చేసుకున్నా వాళ్ళ తల్లిదండ్రులు నన్ను బతకనివ్వరు."

అనీసా ఉలి దించలేదు. "వాసన ఇక్కడ ఉండదు సార్. నేను సరిగ్గా కడిగితే మీ మెస్సులో ఒక్క రవ్వ కూడా నిలవదు. అంతా వాళ్ళ తమ్ముడి దగ్గరికే పోతుంది."

"నిలిస్తే?"

"నిలిస్తే నేను సరిగ్గా కడగనట్టే. ఇంక ఈ ఊళ్ళో ఏ మేడా ఎక్కను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. తర్వాత వంగి, జిడ్డుతో నిండిన డబ్బా తనే ఎత్తి పక్కన పెట్టి, ఖాళీ డబ్బా ఆమె ముందుకి జరిపారు.

పదకొండున్నరకి మెట్ల మీద రొప్పు వినిపించింది. ఒక మోటారుని గోనెసంచీలో వేసి చెరోవైపు పట్టుకుని ఇషాక్, అష్రఫ్ భాయ్ ఎక్కుతున్నారు. ఆ మోటారుని అనీసా చూడగానే గుర్తుపట్టింది. పొద్దున తను కడిగిన ఫ్యానుదే అది.

"భాయ్, మరి మీ హోటలు?"

"బిర్యానీ ఇవాళ లేదని బోర్డు పెట్టించా," అన్నాడు అష్రఫ్ భాయ్ చెమట తుడుచుకుంటూ. "ఇరవై ఏళ్ళలో మొదటిసారి. మాస్టరు సంతోషంగా మంగళగిరి బస్సెక్కాడు. ముందు దీన్ని బిగించండి, నడుం పడిపోతోంది."

*

ఒంటిగంటకి పని పూర్తయింది. ఇషాక్ కొత్త బెల్టు ఎక్కించాడు. అనీసా జేబులోంచి ఫ్యూజు తీసింది కానీ అతనికి ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"ఏమైంది?" అన్నాడు ఇషాక్.

"చనిపోయినవాళ్ళని తలుచుకుంటూ వండితే ఏమవుతుందో మీకు తెలుసుగా."

తెలుసు. కిందటేడు కొత్తపేటలో ఒక క్యాటరింగ్ ఆవిడ, చనిపోయిన తల్లిని తలుచుకుంటూ బొబ్బట్లు చేసింది. పొగ గుంజ పాతినట్టు నిటారుగా ఆకాశంలోకి వెళ్ళిపోయింది. ఎక్కడా దిగలేదు, ఎవరికీ వాసన తగల్లేదు. ఆ సంగతి వెంకటరావమ్మకీ తెలుసు. తెలిసే ఈ పని చేయించుకుంటోంది.

"పొగ నిటారుగా పోతే కిందికెళ్ళి ఆమెకి ఎవరు చెప్తారు?"

"ఇద్దరం వెళ్దాం," అన్నాడు ఇషాక్. చెయ్యి చాపి ఫ్యూజు తీసుకున్నాడు.

ఫ్యాను కదిలింది. మొదట నెమ్మదిగా, తర్వాత రెక్కలు కనపడనంత వేగంగా తిరిగింది. కింద నూనెలో ఎండుమిర్చి పడ్డట్టుంది, గొట్టం నోట్లోంచి తెల్లటి పొగ లేచింది. అనీసా వాసన పీల్చి చూసింది. ఏమీ లేదు. కడగడం సరిగ్గానే కడిగింది.

పొగ పైకి పోతోంది. మేడ మీది నీళ్ళ ట్యాంకు దాటింది. కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది. గాలి దక్షిణం నుంచి అనీసా మొహానికి కొడుతోంది, పొగ మాత్రం ఏ పక్కకీ వంగకుండా నిటారుగా పోతూనే ఉంది. అష్రఫ్ భాయ్ తల మీద టోపీ సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. మేనేజరు వెనక్కి తిరిగి నిలబడ్డారు. అనీసా ఇషాక్ వైపు చూడలేదు. చూస్తే ఏడుపు వచ్చేస్తుందని తెలుసు.

అంతలో పొగ కొస ఆగింది. దారి అడగడానికి ఆగిన మనిషిలా కాసేపు అక్కడే తచ్చాడింది. తర్వాత మెల్లగా వంగి, ఎదురుగాలిలోకి, దక్షిణానికి తిరిగింది. వెనకాల మిగిలిన పొగంతా తాడులా సాగి దాని వెంట పడింది. గుంటూరు మేడలన్నీ దాటి, చీరాల వైపు, వాడరేవు వైపు.

"పిన్నీ!" అనీసా మెట్ల దగ్గరికి పరిగెత్తి ఐదంతస్తుల కిందికి వినపడేలా అరిచింది. "పిన్నీ, ఉన్నాడు! బతికే ఉన్నాడు!"

కింద మూకుడులో గరిటె చప్పుడు అంతకు రెండింతలు పెరిగింది.

*

మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలియదు కాబట్టి వంట ఆపడానికి లేదు. ఒక వాయి దింపి వెంటనే ఇంకోటి వేసింది వెంకటరావమ్మ. రెండు గంటలకి ఆమె డబ్బాలో నెత్తళ్ళు అయిపోయాయి. అష్రఫ్ భాయ్ ఆటోలో చేపల మార్కెట్టుకి పోయి బస్తాడు తెచ్చాడు. వంకాయలు తరిగే ఆడవాళ్ళు పిల్లల రాత్రి భోజనం పనిలో ఉంటే, మేనేజరు శివరామకృష్ణ గారు చొక్కా చేతులు మడుచుకుని కత్తిపీట ముందు కూర్చున్నారు.

"వంకాయలకి నాకేం అభ్యంతరం లేదండి," అన్నారు ఎవరూ అడక్కుండానే.

పక్క హాల్లో పిల్లలు పుస్తకాలు ముందేసుకుని చదువుకుంటున్నారు. ఒక్కడు కూడా ముక్కు చిట్లించలేదు.

మూడున్నరకి పైన బెల్టు కీచుమంది. కొత్త బెల్టు వేడికి సాగి జారుతోంది. ఫ్యాను వేగం తగ్గేసరికి దక్షిణానికి పోతున్న పొగ తాడు వదులై పక్క మేడల మీదికి వాలింది. కింద వీధిలో ఎవరో "ఎండు చేపలురోయ్!" అని అరిచారు.

"తిరుగుతుండగానే బిగించేద్దాం," అన్నాడు ఇషాక్ గడ్డపలుగు అందుకుంటూ. "ఆపితే వాసన తెగిపోతుంది."

"వద్దు. మీ చెయ్యి పోతే బిగించేదెవరు?" అనీసా ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. "తొందరగా కానియ్యండి."

ఆమె గడ్డపలుగుతో మోటారుని వెనక్కి నెట్టి పట్టుకుంది. అతను ఒక్కో బోల్టూ బిగించాడు. పది నిమిషాలు పట్టింది. మోటారు బరువుకి ఆమె భుజం వణికిపోయింది కానీ పలుగు వదల్లేదు. మళ్ళీ ఫ్యూజు పెట్టాక పొగ లేచి, ఈసారి ఎక్కడా ఆగకుండా, వెళ్ళిన దారినే వెళ్ళింది.

ఐదవుతుండగా వెంకటరావమ్మ ఫోను మోగింది. ఆమె చేతులకి నూనె ఉంది. కిందికొచ్చిన అనీసా ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టింది. ఒడ్డు మీద ఎవరి ఫోనో. అవతల జనం ఈలలు, కేకలు. ఆ గోలలోంచి ఒక బొంగురు గొంతు.

"అక్కా."

వెంకటరావమ్మ చెవిని ఫోనుకి గట్టిగా ఆన్చింది.

"అక్కా, ఇందాకట్నుంచీ మాడు వాసన వస్తంది. పొయ్యి చూసుకో."

ఆమె ఉలిక్కిపడి మూకుడులోకి చూసింది. నిజంగానే అడుగంతా మాడిపోయింది. ఆమె గరిటె కింద పడేసి, మోకాళ్ళ మీద కూలబడి, "ఒరేయ్ ఎదవా, మూడు రోజులేందిరా, మూడు రోజులు!" అని పెద్దగా ఏడుస్తూ నవ్వింది. పక్క హాల్లోంచి పిల్లలంతా లేచి వచ్చారు. సంగతి తెలిసి ఎవడో చప్పట్లు కొడితే నాలుగు వందల మందీ అందుకున్నారు. మేనేజరు గారు వాళ్ళని చదువుకోమనలేదు.

*

హాస్టలు వ్యానుని మేనేజరు గారే బయటికి తీయించారు. వెంకటరావమ్మ మాడని కూరంతా ఒక గిన్నెలోకి తీసి, మూత మీద గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకుంది. అనీసా, ఇషాక్ చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండానే ఎక్కారు. చీరాల దాటి వాడరేవు చేరేసరికి ఊరు ఊరంతా ఇసకలో ఉంది. మంచు ఇంకా సముద్రం మీదే ఉంది. దీపాలు పెట్టారు. పడవని జనం చేతుల మీద మోసుకొచ్చి ఒడ్డు మీద ఎత్తుగా నిలబెట్టారు.

బుల్లయ్య దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు, పెదాలు పగిలి ఉన్నాయి. వెంకటరావమ్మ వెళ్ళి ముందు వీపు మీద ఒక్కటి వేసింది, తర్వాత తలని పొట్టకి హత్తుకుంది.

జరిగింది అతనే చెప్పాడు. మొదటి రోజే జీపీఎస్ తడిసి పోయింది. ఎటు చూసినా తెలుపు, సూర్యుడు ఏ వైపున్నాడో తెలియదు. రెండు లీటర్ల డీజిల్ మిగిలింది. తప్పు వైపు నడిపితే అదీ పోతుందని ఇంజను ఆపి మూడు రోజులు అలల మీదే ఉన్నారు. నీళ్ళు బుధవారం అయిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం అతను పడుకుని ఉండగా నెత్తళ్ళ కూర వాసన వచ్చింది. మిగతా ముగ్గురికీ రాలేదు.

"వీడికి మతి పోయిందనుకున్నాం," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు ఆదెయ్య. "కానీ అటే పోనిమ్మని ముక్కు చూపించి చెప్తా ఉంటే, పోతే పోయిందని ఇంజను వేశాం. మధ్యలో ఒకసారి వాసన తెగిపోయిందన్నాడు. ఇంజను ఆపి గుడ్లు మిటకరించి కూర్చున్నాం. మళ్ళీ వచ్చిందన్నాడు. డీజిల్ అయిపోయాక తెడ్లు వేశాం. లైట్‌హౌసు దీపం నెత్తి మీదికొచ్చిందాకా మాకు నమ్మకం లేదు."

బుల్లయ్య అక్క పక్కనున్న మనిషి వైపు చూశాడు. మోచేతుల దాకా నల్లటి జిడ్డు, చిట్లిన వేళ్ళు, మగాడి చొక్కా.

"ఈ అమ్మాయేనా అక్కా?"

"ఈ అమ్మాయే."

అతను లేవబోయాడు, కాళ్ళు నిలవలేదు. కూర్చునే రెండు చేతులూ జోడించాడు. అనీసాకి ఏం చెయ్యాలో తోచక, జిడ్డు చేతుల్తోనే ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది. వెనకాల ఎవరో డప్పు మొదలుపెట్టారు.

వెంకటరావమ్మ గుడ్డ ముడి విప్పింది. నలుగురికీ నాలుగు విస్తళ్ళు వేసి, అన్నం పెట్టి, కూర వడ్డించింది. బుల్లయ్య కంటే ముందు ఆదెయ్యే వంగి విస్తరి దగ్గర ముక్కు పెట్టాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు గాలి పీల్చాడు. మిగిలిన ఇద్దరూ అలాగే వంగారు.

"ఇదా బుల్లయ్యా," అన్నాడు ఆదెయ్య, "నువ్వు చెప్పింది." అని ముద్ద కలిపాడు.